పాపకు మొదటి ఎయిర్ పిస్టల్: 80 వేలల్ల ఏది తీస్కోవాలె?

హన్మకొండ_డాడీ

అందరికి నమస్తే. బిడ్డకు 14 ఏండ్లు, ఎడమచేతి వాటం. ఆరు నెలల సంది క్లబ్బు పిస్టల్‌తోని 10 మీటర్లు కొడ్తాంది. ఆ పిస్టల్‌ను నలుగురు పంచుకుంటరు, గ్రిప్పేమో కుడిచేతిది. సొంతది తీస్కోండ్రి అన్నడు కోచ్. చేతిల 80 వేలున్నయి, గుంజితే 90 దాకా పోవచ్చు. పెల్లెట్లు, పంపు అన్నీ అండ్లనే రావాలె.

మూడు కనవడ్డయి. ఒకటి, ఇక్కడ తయారైన స్ప్రింగ్ పిస్టల్, బ్యారెల్ విరిచి ఛర్రా పెట్టేది, ఆరేడు వేలల్ల వస్తది. రెండోది సీఓ2 బుడ్డి పెట్టేది, అచ్చం అసలు పిస్టల్ లెక్కనే ఉంటది. బిడ్డ మనసు దాని మీదనే ఉన్నది. మూడోది, హైదరాబాద్‌ల ఒకాయన వాడిన స్టెయర్ ఎల్‌పీ10, సిలిండర్‌ల గాలి నింపి కొట్టే పోటీ పిస్టల్. ఒక సిలిండర్‌తోని 68 వేలు అంటున్నడు, గ్రిప్పు కుడిచేతి మీడియం. సిలిండర్ మీద 2013 అని కొట్టి ఉన్నది.

లైసెన్స్ గావాల్నా? పాతది కొనేటప్పుడు ఏమేం జూడాలె? ఎడమచేతోళ్లకు పిస్టలే వేరే ఉంటదా?

ఓ-రింగ్

మొదటి రెండూ పక్కన పెట్టండి అన్నా. ఎందుకో చెప్తా, పాపకు కూడా చూపించండి.

స్ప్రింగ్ పిస్టల్‌లో పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది. దాంతో పిస్టల్ మొదట వెనక్కి తన్నుతుంది, పిస్టన్ ఆగేసరికి ముందుకు గుంజుతుంది. ఆ షాట్‌కు చెయ్యి ఎంత గట్టిగా పట్టిందో దాన్నిబట్టి పెల్లెట్ పోయే చోటు మారుతుంది. గురి కార్డు మీద 10కి బదులు 7 పడితే తప్పు పిల్లదా, పిస్టల్‌దా అన్నది కోచ్‌కు కూడా తెలియదు. పైగా పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ పోయి గట్టిగా గుద్దుకుంటుంది, సీలు పాడవుతుంది. అంటే ఇంట్లో డ్రై ఫైర్, అదే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, కుదరదు. ఈ ఆటలో సాధనలో పెద్ద భాగం డ్రై ఫైరే.

సీఓ2 సంగతి మన ఎండలతోనే తేలిపోతుంది. 20 డిగ్రీల దగ్గర బుడ్డిలో ఒత్తిడి సుమారు 57 బార్. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమన్నదే ఉండదు, ఒత్తిడి గబగబా ఎక్కుతుంది. మే నెలలో మధ్యాహ్నం దాబా మీద వాల్వు తెరుచుకోక మొరాయించే పిస్టళ్లు ఉంటాయి. అదే వరుసగా కొడితే బుడ్డి చల్లబడి అయిదో షాట్ మొదటి షాట్ కంటే కిందికి పోతుంది. అసలు పిస్టల్ లాగ కనబడుడు ఇంకో తలనొప్పి: రోడ్డు మీద ఎవరైనా చూస్తే బొమ్మ అనుకోరు.

మిగిలింది ఎల్‌పీ10. ఎంపిక తప్పు కాదు, ధర తప్పు. ఈ పిస్టళ్ల అల్యూమినియం సిలిండర్‌కు తయారైన నెల నుంచి 10 ఏండ్లే ఆయుష్షు. 2013ది అంటే 2023లోనే అయిపోయింది. పోటీలో పరికరాల తనిఖీకి ఇస్తే పక్కన పెడతారు. అంతకంటే ముందు, 200 బార్ ఒత్తిడితో గాలి నింపే వస్తువు పిల్ల చేతిలో, ముఖం ముందరే ఉంటుంది. "ఇంకా మంచిగనే ఉంది, లీకు లేదు" అంటాడు అమ్మేటాయన. లీకు లేకపోవుడు వేరు, లోహం అలిసిపోవుడు వేరు. దాన్ని సున్నా కింద లెక్కగట్టండి. గ్రిప్పు కూడా మీకు పనికిరాదు కాబట్టి అదీ సున్నానే. మీరు కొంటున్నది పిస్టల్ బాడీ ఒక్కటే. కొత్త సిలిండర్ ఎంత, ఎడమచేతి గ్రిప్పు ఎంత అన్నది డీలర్ దగ్గర రాయించుకుని ఆ కాగితం ముందర పెట్టి బేరం చేయండి. ఇంకో కంపెనీ సిలిండర్ చవగ్గా దొరికిందని తేవద్దు, మర చుట్టు వేరు ఉంటుంది, ఎక్కదు.

చూడాల్సినవి. సీరియల్ నంబరు బిల్లు మీద ఉన్నదే బాడీ మీద ఉండాలి. గురి చూసే వెనక సైట్‌ను వేళ్లతో పట్టి మెల్లగ కదిలించండి, ఆడితే వద్దు. సైట్ మరను అటు పది క్లిక్కులు, ఇటు పది క్లిక్కులు తిప్పి కొడితే గుండ్లు మళ్లీ పాత చోటికే రావాలి. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచేది) ఉన్న క్లబ్బుకు తీసుకుపోయి పది షాట్లు కొట్టించండి. 150 మీ./సె. అటుఇటు ఉంటుంది, ఎక్కువ తక్కువల మధ్య తేడా మూడు నాలుగు మీటర్లు దాటితే గాలి ఒత్తిడిని ఒకే తీరుగ ఉంచే రెగ్యులేటర్ సర్వీసుకు వచ్చిందని అర్థం. ట్రిగ్గర్ మరల మీద స్క్రూడ్రైవర్ గీతలుంటే ఎవరో తెలియక కెలికారని, ఇంకో అయిదు వేలు తగ్గించమనండి.

కాజీపేట_జంక్షన్

లైసెన్స్ సంగతి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి కొలత 4.5 మి.మీ. దాటకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ 150 మీ./సె.తో పోతే లెక్కకు 5.6 జౌల్స్ వస్తుంది, మీది చాలా కిందనే. 5.5 మి.మీ. తీసుకుంటే మాత్రం లైసెన్స్ బోనులో పడతారు. కొందరు "పెద్ద ఛర్రా, పవర్ ఎక్కువ" అని అంటగడతారు, జాగ్రత్త. పోటీలకు అది ఎట్లాగూ పనికిరాదు.

లైసెన్స్ లేదంటే ఎట్లయినా తిరగొచ్చని కాదు. పెట్టెలో, సిలిండర్ విప్పి, బిల్లు జిరాక్స్, క్లబ్బు ఐడీ కార్డు పెట్టుకుని తీసుకుపోండి. బరాత్‌లో చేతిలో పట్టుకుని ఫొటో దిగితే ఎయిర్ పిస్టలా, ఇంకోటా అని స్టేషన్‌లో చెప్పుకోవాల్సి వస్తుంది.

భూపాలపల్లి_గురి

మధ్యల వస్తున్న, ఏమనుకోవద్దు. అంత పైసలు పెట్టి గాలి పిస్టల్ ఎందుకు? కొంచెం కలిపి నిజం .32 రివాల్వరే తీస్కోరాదు? ఇంటికి కూడా పనికొస్తది.

కాజీపేట_జంక్షన్

భూపాలపల్లి అన్నా, అది ఆట కాదు, వేరే దారి. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ ముందు, తుపాకి తర్వాత. మామూలు లైసెన్స్ 21 నిండితేనే. వరంగల్‌లో దరఖాస్తు పోలీస్ కమిషనరేట్‌కు పోతుంది. ప్రాణభయం ఏమిటో చూపించాలి, విచారణ జరుగుతుంది, ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, లైసెన్స్ 5 ఏండ్లకు. 9 మి.మీ. మామూలు మనిషికి నిషేధం, అందుకే అందరూ .32 దగ్గర ఆగుతారు. ఆ పొట్టి గొట్టం రివాల్వర్‌తో 10 మీటర్ల గురి నేర్చుకుంటా అనుడు రోకలితో అక్షరాలు దిద్దినట్టు. పిల్లలున్న ఇంట్లో లైసెన్సు ఉన్నా సరే తాళం లేకుండా పెట్టొద్దు. ఈ అడిగినాయనకు దాంతో పని లేదు, ఇక్కడితో వదిలేద్దాం.

నల్లచుక్క

ఎడమచేతి గురించి ఎవరూ సరిగ్గ చెప్పలేదు. ఈ తరహా పోటీ పిస్టళ్లలో చాలావాటికి బాడీ ఒకటే, గ్రిప్పు మారిస్తే సరిపోతుంది. కాకపోతే ముందు ఒక పరీక్ష. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, దూరంగ గోడ మీది స్విచ్చును ఆ సందులోంచి చూడమనండి. ఒక్కో కన్ను మూయించండి. ఏ కన్ను మూస్తే స్విచ్చు మాయమైందో అది బలమైన కన్ను. చేతివాటం ఎడమ, కన్ను కూడా ఎడమ అయితే చింత లేదు. కన్ను కుడిదయితే గ్రిప్పు కొనకముందే కోచ్‌తో మాట్లాడండి. 14 ఏండ్లకు చెయ్యి మార్చుకునే పిల్లలున్నారు, లేదా మెడ కొంచెం తిప్పి సర్దుకునే వాళ్లున్నారు. గ్రిప్పు కొన్నాక తెలిస్తే పైసలు దండుగ.

గ్రిప్పు సైజు కంటిచూపుతో చెప్పలేం. చేతిని కాగితం మీద పరిచి, వేళ్లు కొంచెం విడదీసి, పెన్సిల్ నిట్టనిలువుగ పట్టి గీత గీసి డీలర్‌కు పంపండి. రెండు సైజుల మధ్యన ఉంటే చిన్నది తీసుకోండి, పుట్టీ పెట్టి పెంచొచ్చు. "పిల్ల పెరుగుతుంది కదా" అని ఒక సైజు పెద్దది తీసుకునుడు చెప్పుల దగ్గర నడుస్తుంది, ఇక్కడ నడవదు. గ్రిప్పు పెద్దదయితే చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా చాలక కొసతో నొక్కుతుంది, ట్రిగ్గర్ నేరుగ వెనక్కి రాక పక్కకు పోతుంది. ఎడమచేతి వాళ్ల కార్డు మీద అప్పుడు గుండ్లన్నీ ఒకపక్కకు జరిగి కనబడతాయి. దాన్ని సైట్ మరతో సరిచేయబోతారు, అక్కడ మొదలవుతుంది అసలు గోస.

గ్రిప్పు కుదిరిందా అని చూసేది ఇట్ల: చెయ్యి ఎత్తి గురి పట్టినంక కండ్లు మూసుకోవాలి, అయిదు సెకన్లాగి తెరవాలి. ముందు సైట్ వెనక సైట్ గాడిలో మధ్యనే ఉంటే గ్రిప్పు కుదిరినట్టు. ప్రతిసారీ ఒకేపక్కకు పోతుంటే గ్రిప్పును తిప్పాలి లేదా అరచేయి దిక్కు పుట్టీ పెట్టాలి. కట్టె పుట్టీ కొద్దికొద్దిగ పెట్టి, తడి ఉండంగనే చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగి పట్టిస్తే అచ్చు పడుతుంది. ఆరినాక 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 220. చెక్క గీకేటప్పుడు ఒక్కరోజే అంతా గీకొద్దు. మూడు రోజులు కొట్టి చూసి, ఎక్కడ ఎర్రబడుతుందో అక్కడే తీయండి. అరచేతి కింద ఉండే మెట్టును మరీ బిగించొద్దు, చెయ్యి వాస్తే దించలేక అవస్థ. రూలు కూడా ఉంది: మణికట్టు ఖాళీగ కనబడాలి, గ్రిప్పు దాన్ని మోయకూడదు.

గ్రిప్పు మీద ఇంత ఎందుకు చెప్తున్నానంటే లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 33 సెం.మీ. అనుకుందాం. ముందు సైట్ గాడిలో 1 మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర అది 30 మి.మీ. అవుతుంది. ఒక్కో రింగుకు మధ్యలోంచి 8 మి.మీ. తేడా. అంటే దాదాపు నాలుగు రింగులు పోయినట్టే. అదే చెయ్యి మొత్తం, సైట్లు సరిగ్గ ఉండి, 5 మి.మీ. ఊగితే కార్డు మీద కూడా 5 మి.మీ.యే. చెయ్యి వణుకు చంపదు, సైట్లు చెదిరితే చస్తాం. అందుకే బ్యారెల్ ఏ కంపెనీది అన్నదాని కంటే చేతిలో ఎట్ల కూర్చుంది అన్నది ముఖ్యం.

ట్రిగ్గర్ 500 గ్రాములకు తక్కువ ఉండొద్దు. కిరాణా కొట్టులో ఒక చిన్న సంచిని ఇసుకతో సరిగ్గ 510 గ్రాములు తూయించి, దారం కట్టి, ఖాళీ పిస్టల్‌ను కొట్టడానికి సిద్ధంగ కాక్ చేసి గొట్టం నిట్టనిలువుగ పట్టి ట్రిగ్గర్ మధ్యలో తగిలించి లేపండి. సంచి లేవాలి, ట్రిగ్గర్ పడొద్దు. 500కే సరిగ్గ పెడితే పోటీరోజు తనిఖీలో పడిపోతుంది, ఆ పది గ్రాములు బీమా అనుకోండి.

బరువు 1500 గ్రాముల దాకా ఒప్పుకుంటారు, ఎల్‌పీ10 కిలోకు కొంచెం తక్కువే ఉంటుంది. అదనపు బరువులు తగిలించి ఉంటే పాపకు ఇచ్చేముందు తీసేయండి.

మంచిర్యాల_మేడ

పంపు ఇప్పుడే కొనకండి. క్లబ్బులో కంప్రెసర్ ఉందా? ఉంటే వారానికి రెండుసార్లు నింపుకుంటే చాలు. నిండు సిలిండర్‌కు సుమారు 150 షాట్లు వస్తాయి. పోటీ అంటే 60 షాట్లు, ముందు సరిచూసుకునే షాట్లు కలిపినా ఒక సిలిండర్ సరిపోతుంది. చేతిపంపు తర్వాత తీసుకున్నా, 100 నుంచి 200 బార్‌కు పంపును బట్టి 50 నుంచి 80 సార్లు కొట్టాలి. మధ్యలో ఆపి చల్లబడనియ్యాలి, తేమ వదలాలి. వానాకాలం అయితే ఇంకా ఎక్కువసార్లు. గబగబ నింపితే సిలిండర్ వేడెక్కి 200 చూపిస్తుంది, చల్లారినాక 185కు దిగుతుంది. లీకని కంగారు పడుతుంటారు.

ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్తా. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్‌తో నింపుతా అని ఎవరన్నా అంటే దండం పెట్టి బయటికి రండి. లోపల ఓ-రింగులకు (గాలి కారకుండా ఉండే రబ్బరు రింగులు) రాసిన గ్రీజు ఎక్కువ ఒత్తిడి ఆక్సిజన్ తగిలితే అంటుకుంటుంది, సిలిండర్ పేలుతుంది. గాలే నింపాలి, పొడి గాలి. నింపిన సిలిండర్‌ను ఎండలో కారులో వదలొద్దు. 25 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది కారులోపల 65 డిగ్రీలయితే 227 బార్ దాకా పోతుంది.

పెల్లెట్లు చదును ముక్కువే తీసుకోండి, కార్డు మీద గుండ్రంగ కోసినట్టు రంధ్రం పడుతుంది. మొన ఉన్నవి చింపుతాయి, 9కీ 10కీ తగాదా వస్తుంది. వారానికి మూడురోజులు అరవై చొప్పున అంటే నెలకు 720, అంటే 500ల డబ్బా ఒకటిన్నర. సాధనకు ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, చియాంగ్ యువాన్ కంపెనీల మామూలు రకం చాలు. 4.49, 4.50 అని తల కొలతలుంటాయి. రెండు మూడు రకాలు పదేసి కొట్టి చూడండి, దేంతో గుంపు చిన్నగ వస్తే దానివే ఒకే బ్యాచ్ డబ్బాలు రెండు తెచ్చుకోండి. సీసం కాబట్టి కొట్టినాక చేతులు సబ్బుతో కడిగే దాకా ఏమీ తినొద్దు.

ఇంట్లో కట్టాలంటే 10 మీటర్లు, అంటే 33 అడుగులకు రెండంగుళాలు తక్కువ. కార్డు మధ్య నేల నుంచి 1.4 మీ. ఎత్తు. వెనక 3 మి.మీ. ఇనుప రేకు కిందికి వంచి పెట్టి, కింద పాత గుడ్డల డబ్బా పెడితే పెల్లెట్లు అందులో పడతాయి. రేకు నిటారుగ పెడితే వెనక్కి తిరిగి వస్తాయి. కండ్లద్దాలు కొట్టేవాళ్లకే కాదు, పక్కన నిలబడ్డోళ్లకు కూడా. మధ్యలో తలుపు ఉంటే గడియ పెట్టండి. దాబా అయితే పిట్టగోడకు అటుపక్క బట్టలు ఆరేసేవాళ్లు ఉంటారు, కార్డు దాటిపోయిన ప్రతి పెల్లెట్ గోడకే తగిలేట్టు నిలబడే చోటు ఎంచుకోండి.

హన్మకొండ_డాడీ

అందరికి శనార్తులు. పరీక్ష చేసిన, పాప కన్ను కూడా ఎడమదే. డీలర్‌ను అడిగితే కొత్త సిలిండర్, ఎడమ గ్రిప్పు కలిపి 36 వేలు రాసిచ్చిండు. కాగితం చూపెట్టినంక ఆయన 68 నుంచి 47కు దిగిండు, పాత సిలిండర్, కుడి గ్రిప్పు ఆయననే ఉంచుకుంటడంట. 83 అయితది, ఏడు వేలు పెల్లెట్లకు, అద్దాలకు మిగుల్తది. క్లబ్బుల కంప్రెసర్ ఉన్నది, పంపు ఇప్పుడు కొన.

గని ఒకటి. క్లబ్బుల ఎల్‌పీ10ది చెల్లుబాటున్న సిలిండర్ తగిలించి రాత్రంత పెట్టిన. సాయంత్రం 180, తెల్లారి 160. ఇది వదిలెయ్యాల్నా?

ఓ-రింగ్

సాయంత్రం 34, తెల్లారి 26 డిగ్రీలనుకుంటే ఆ తేడాకే 180 కాస్తా 175 అవుతుంది. మిగతా 15 బార్ మాత్రం నిజంగ కారినట్టే. ఇంకా వదిలేయొద్దు, ఎక్కడో తెలుసుకోండి. ఆ సిలిండర్‌ను విప్పి, గేజ్ చూసి, ఒక్కదాన్నే రాత్రి పెట్టండి. అది దిగితే వాల్వు సిలిండర్‌ది, పిస్టల్‌కు సంబంధం లేదు. దిగకపోతే పిస్టల్‌లోనే. తగిలించి, పెల్లెట్ లేకుండా, గొట్టం మూతి ముందర సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి, ముఖం అడ్డం పెట్టొద్దు. కదిలితే లోపలి వాల్వు సీటు, సర్వీసుకు పంపాలి, ఖర్చు ఎంతో అడిగి 47లోంచి తీసేయండి. కదలకపోతే సిలిండర్ మర దగ్గర సబ్బునీళ్లు ఒక్క చుక్క వేయండి. బుడగ వస్తే అది మర లోపల ఉండే రింగు, చిన్న పని, ఆయన ముందరనే మార్పించి ఇంకో రాత్రి పెట్టి చూసినాకనే పైసలు ఇవ్వండి. సబ్బునీళ్లు పిస్టల్ లోపలికి పోనియ్యకండి, గుడ్డతో వెంటనే తుడవండి.